లైటు తీసేస్తే

"పోయిన పిల్ల గుండె ఇంకా ఎన్నాళ్లు కొట్టుకోవాలండీ? ఆపించెయ్యండి," అంది అమ్మ, అన్నమాటే మళ్లీ అంటూ.

"అది గుండె కాదే. చిన్నదాని చర్మం నుంచి తీసి, గుండె కణాలుగా మార్చి పెంచినవి. వాటిమీద మందులు పరీక్షించి రేపు ఇంకొకరి పిల్లని బతికిస్తారు," అన్నాడు నాన్న. "గుండె డాక్టరు కాబోతున్న నీ పెద్దకూతురు ఎదురుగానే ఉందిగా, అడుగు!"

"దాన్నేం అడుగుతాను? చెల్లెలు పోయిన మర్నాడే డ్యూటీకి వెళ్లిన మనిషి!"

నేను చెప్పులేసుకున్నాను. ఆపమని చెప్పేముందు ఒక్కసారి చూద్దామనిపించింది.

ఆ రాత్రి మా ఆసుపత్రి ప్రయోగశాలలో ఎవరూ లేరు. అద్దం తలుపున్న వెచ్చని పెట్టెలో, చిన్న గాజు పళ్లెంలో, చెల్లెలి కణాలు కొట్టుకుంటున్నాయి. తెరమీద గీత నిదానంగా లేచి పడుతోంది. లేచినప్పుడల్లా ఒక సన్నని చప్పుడు. వాటికి కళ్లు లేవు, చెవుల్లేవు. మనసు రాయి చేసుకుని, వెళ్లిపోదామని లైటు తీసేశాను.

చప్పుడు వేగం అందుకుంది.

లైటు వేశాను. నెమ్మదించింది. మళ్లీ తీశాను. ఈసారి ఊపిరాడనట్టు పరుగెత్తింది. చిన్నప్పుడు ఒకే మంచం మీద, "అక్కా, లైటు తియ్యకే," అంటూ చెల్లి నా చేతిని గుండెకి అదుముకునేది. ఆ గుండె అచ్చం ఇలాగే కొట్టుకునేది.

తెల్లవార్లూ లైటు వేసుకుని అక్కడే కూర్చున్నాను.

ఇంటికి వచ్చేసరికి అమ్మా నాన్నా కాఫీల దగ్గర ఉన్నారు.

"ఆపించను," అన్నాను మెల్లగా. "ఇకనుంచి రాత్రిళ్లు నేను దాని దగ్గరే పడుకుంటాను."