మూడో రోజు చర్చలు

“కాలవ పూడ్చేది లే! నువ్వు చెప్పినా సరే, కోర్టు చెప్పినా సరే!”

గోవిందన్ బల్ల మీద గుద్దాడు. టీ గ్లాసులు ఎగిరిపడ్డాయి.

సుబ్బరాయన్ కళ్లజోడు తీసి కణతలు నొక్కుకున్నాడు. ఐక్యరాజ్యసమితి శాంతి దళాల వెంట పదిహేడేళ్లు దేశాలు తిరిగినవాడు. తుపాకులు దించని ముఠాలను ఎదురెదురుగా కూర్చోబెట్టి ఒప్పందాలు రాయించినవాడు. యుద్ధ నేరాల విచారణ మీద ఆయన రాసిన పుస్తకాలు కాలేజీల్లో పాఠాలు. 2006 వేసవిలో సెలవు మీద తమిళనాడులోని సొంతూరు ఇండూరు వస్తే, మూడు రోజులు చిన్నాన్న కొడుకుల బండిదారి తగాదా కిందే పోయాయి.

అన్న గోవిందన్ ఆ దారికి అడ్డంగా కాలవ తవ్వాడు. తమ్ముడు కేశవన్ చేలో టమాటా, అక్కడి మాటలో తక్కాళి, ఎర్రగా పండింది. టెంపో లోపలికి పోదు. ఇంకో రెండు రోజులైతే పంటంతా కుళ్లిపోతుంది. సుబ్బరాయన్ పొద్దున్నే ఇద్దరినీ పిలిపించి, పొద్దుగూకేదాకా తన వసారాలోంచి కదలనివ్వడం లేదు.

“నువ్వు కాలవ పూడ్చేది, వాడు పోలీసు కంప్లైంటు వాపస్ తీసుకునేది. నిన్న ఇద్దరూ సరే అన్నారు కదరా!”

“అన్నాను,” అన్నాడు కేశవన్. “కానీ కాగితంలో వాని పేరు ముందుండాది.”

“పెద్దోణ్ణి నేను. నా పేరే ముందుండాల.”

“నడిచే దారి నాది. నా పేరే ముందుండాల.”

సుబ్బరాయన్ కాగితం చించేశాడు. పళ్లు బిగించి రెండు కాగితాలు రాశాడు. ఒకదాంట్లో అన్న పేరు ముందు, ఇంకోదాంట్లో తమ్ముడి పేరు ముందు.

గోవిందన్ రెండింటినీ అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ముందు ఏ కాగితంలో సంతకం పెట్టాల?”

సుబ్బరాయన్ దిగ్గున లేచాడు. “ఒరే, ఒకరినొకరు కాల్చుకున్నోళ్లు కూడా నా ముందర సంతకాలు పెట్టినారురా! మీకేం వచ్చింది?”

“వాళ్లు అన్నదమ్ములు కాదు గదన్నా,” అన్నాడు కేశవన్ నెమ్మదిగా.

సుబ్బరాయన్ పెన్ను బల్ల మీద విసిరికొట్టి, ఇంట్లోంచి పెరటివైపు నడిచాడు.

పెరటి వాకిట్లో గోవిందన్ భార్య రాసాత్తి, కేశవన్ భార్య ధనం పక్కపక్కన నిలబడి ఉన్నారు. ఇద్దరి ముఖాలూ చెమటతో తడిసి ఉన్నాయి.

“నా వల్ల కాదమ్మా,” అన్నాడు సుబ్బరాయన్. “రేపే బయలుదేరుతాను. ధనమ్మా, మీ తక్కాళి పోయినట్టే. నన్ను మన్నించు.”

ఇద్దరూ కంగారుగా ఒకరినొకరు చూసుకున్నారు.

“అయ్యో, అంత పని చేయొద్దు బావా!” రాసాత్తి గొంతు తగ్గించింది. “వాళ్లు చేలో ఉంటే మమ్మల్ని ఒక మాట కూడా మాట్లాడుకోనీరు. నువ్వు ఇక్కడ కూర్చోబెట్టినావు కాబట్టి కాలవ మీద పలకలేసి, ఇద్దరమూ గంపలు మోసి, ధనం తక్కాళి అంతా రోడ్డు మీద టెంపోకెక్కించి ధర్మపురి మార్కెట్టుకు పంపించేసినాము. ఇంకో రెండు దినాలు వాళ్లకు రాజీ కుదరనీకు బావా, ఇద్దరమూ కలిసి నా వంకాయలు కోయాల.”