రానూపోనూ

"ఊటీ పోదాం, గోవా పోదాం, కాదంటే షిర్డీ పోదాం. వైజాగ్ మాత్రం నా పాణం పోయినా రాను!" విజయేందర్ కౌంటర్ మీద అరచేత్తో గట్టిగా చరిచాడు.

"అయితే నేనే రాను డాడీ. మీరిద్దరు పోయి ఫొటోలు దిగుండ్రి," అంది కూతురు దివ్యశ్రీ, అంతే గట్టిగా.

అమీర్‌పేట మెట్రో స్టేషన్ పక్క సందులో బస్సు టికెట్లు అమ్మే ఇరుకు గది అది. బయట మే నెల ఎండ మాడ్చేస్తోంది. లోపల కూలర్ తిరుగుతోంది గానీ, ఈ తండ్రీకూతుళ్ళ వేడికి అది ఏ మూలకూ చాలడం లేదు. బెంచీ మీద కూర్చున్న నలుగురూ తాము వచ్చిన పని మరిచిపోయి వీళ్ళనే చూస్తున్నారు.

"సాబ్, జర జల్ది తేల్చుండ్రి. ఎన్కల మంది ఉన్నరు," అన్నాడు కంప్యూటర్ ముందున్న ముషర్రఫ్.

"తేల్చేదేమున్నది భాయ్? రెండుసార్లు నీట్ రాసింది. రెండుసార్లు బోల్తా కొట్టింది. గా మొఖమేస్కొని సముద్రం చూస్తదట!"

"మొఖం నీదే డాడీ. అచ్చం నీ పోలికే అంటరు అందరు."

బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. విజయేందర్ చెవులు ఎర్రబడ్డాయి. చెయ్యి కూడా లేవబోయింది. అయినా తమాయించుకున్నాడు. ఎందుకంటే పైకి ఎంత మండిపడుతున్నా లోపల ఆయనకు పండగ్గా ఉంది.

అసలు వైజాగ్ ఆయన పథకమే. పరీక్ష కీతో జవాబులు సరిచూసుకున్న రోజునే దివ్యశ్రీ ఇక డాక్టరు చదువు జోలికి పోనని, ఫిషరీస్ డిగ్రీ చేస్తానని తెగేసి చెప్పింది. చేపల చదువట! రేపు నలుగురూ అడిగితే ఏమని చెప్పుకోవాలి? అందుకే ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, వైజాగ్ అవతల ఒక రెసిడెన్షియల్ కాలేజీలో లాంగ్ టర్మ్ కోచింగ్‌కు సీటు తీసుకున్నాడు. ఏడాదిపాటు ఫోన్ ఉండదు, గేటు దాటనివ్వరు. ఇక్కడే అమీర్‌పేటలో చేర్పిస్తే మధ్యాహ్నానికల్లా ఇంటికి నడిచొచ్చేస్తుంది. అక్కణ్ణుంచి ఎలా వస్తుందో చూద్దాం! ఆ కాలేజీ కాగితం ఇప్పుడు ఆయన చొక్కా జేబులోనే ఉంది. తాను ఎడ్డెమంటే కూతురు తెడ్డెమంటుందని ఆయనకు బాగా తెలుసు. కాబట్టి వైజాగ్ వద్దని అరిస్తే చాలు.

"గా ఊర్ల ఏమున్నదే? ఉక్కపోత, చెమట!"

"సముద్రం ఉన్నది. నాకు గదే కావాలె."

"నవీనా, నువ్వన్న చెప్పరాదు నీ బిడ్డకు?"

నవీన పంజాగుట్టలో బ్యాంకు ఉద్యోగి. పూట సెలవు పెట్టి వచ్చి, కూలర్ పక్కన నిలబడి ఉంది. ఇందాకట్నుంచీ నోరు మెదపలేదు. ఈ ఇరవై ఏళ్ళలో ఆమె మెదిపినప్పుడల్లా ఆయన మూయిస్తూనే వచ్చాడు.

"వైజాగే పోదాం," అంది ముక్తసరిగా.

"ఓహో, ఇద్దరూ ఒక్కటైన్రా? బ్యాంకుల కుర్చీల కూసునుడు తప్ప నీకేమెర్క?"

నవీన కూలర్ మూతి తన వైపు తిప్పుకుంది. విజయేందర్ ఓడిపోయినవాడిలా చేతులెత్తేశాడు. "సరే! కానీ నీ నోటితోని నువ్వే చెప్పాలె దివ్యా. డాడీ జబర్దస్తీగ తోల్కపోయిండని రేపు ఏడ్వొద్దు."

"చెప్తున్న. వైజాగే. నా ఇష్టంతోనే వస్తున్న. రాసియ్యమంటవా?"

"విన్నరు గదా భాయ్? మీరే సాక్షి."

"మీ ఇంటి పంచాయతీల నన్నెందుకు ఇరికిస్తరు సాబ్?" ముషర్రఫ్ విసుగ్గా కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. "పోయేటియి మూడు స్లీపర్లు. వాపస్ ఆదివారం. గవి సుత మూడేనా?"

ఈ ముక్క వైజాగ్‌లో బస్సు దిగాక చెబుదామనుకున్నాడు విజయేందర్. గెలిచిన ఉత్సాహం ఆగనివ్వలేదు. పైగా ఇంతమంది ముందు మాటిచ్చింది, ఇక ఎటు పోతుంది?

"రెండు," అన్నాడు.

ముషర్రఫ్ తలెత్తి చూశాడు. విజయేందర్ జేబులోంచి కాగితం తీసి కూతురి ముందు పరిచాడు. "సీటు తీస్కున్న. లాంగ్ టర్మ్. సోమవారం క్లాసులు షురూ. నీకు సముద్రం చూపించి, హాస్టల్ల దింపి, నేనూ మీ మమ్మీ వాపస్ వస్తం. నీ ఇష్టంతోనే వస్తున్న అన్నవ్ గదా!"

కూతురు ఏడుస్తుందని, అరుస్తుందని, బతిమాలుతుందని చూశాడు. దేనికి ఏ జవాబు చెప్పాలో వారం రోజులుగా మనసులో అనుకుంటూనే ఉన్నాడు. దివ్యశ్రీ మొహం పాలిపోయింది, అంతే. మెల్లగా తల్లి వైపు తిరిగింది.

నవీన కౌంటర్ దగ్గరికి వచ్చి ఆ కాగితం అందుకుంది. మొదట్నుంచి చివరిదాకా చదివింది. దాన్ని మడిచి, తిరిగి భర్త జేబులోనే పెట్టి, ముషర్రఫ్ వైపు చూసింది.

"వాపస్‌కు ఒక్కటే కొట్టుండ్రి భాయ్. వైజాగ్ బ్రాంచికి ట్రాన్స్‌ఫర్ నేనే అడిగి తెచ్చుకున్న, బిడ్డ నా దగ్గర్నే ఉండి దానికి నచ్చింది చదువుకుంటది. తిరిగొచ్చేది ఈయనొక్కడే."