కుడి భుజం మీది గుడ్డ

"ఈయనకు ముక్కు పోయిందత్తయ్యా," అన్నాడు అల్లుడు, అందరి ముందూ, గొంతైనా తగ్గించకుండా.

వైన్ తయారుచేసే చోట ఒక మనిషిని అంతకంటే పెద్ద మాట అనడానికి లేదు. అందులోనూ అన్నది ఎవరిని? ముక్కు బాబాయిని. ఏ పీపాలో వైన్ సీసాకెక్కాలో, ఏది ఇంకొన్నాళ్ళు పడుకోవాలో వాసన చూసి చెప్పే కుర్చీ ఆయనది. ఆ ముక్కుతోనే ఇల్లు కట్టాడు, ఆ ముక్కుతోనే పిల్లల్ని ఒడ్డెక్కించాడు. ఇప్పుడు యజమానురాలి అల్లుడు వైన్ చదువు చదివొచ్చి ఆ కుర్చీ మీద కన్నేశాడు.

రుజువేమిటని యజమానురాలు అడిగింది. అల్లుడు రుజువు పట్టుకునే వచ్చాడు. ఆ పొద్దున బాబాయి ఇంట్లో పాలు పొంగి, ఇగిరి, మాడి, గిన్నె బొగ్గయిపోయిందట. పక్కింటావిడ ఆ కంపుకి పరుగెత్తుకొచ్చి స్టవ్ ఆర్పిందట. బాబాయి మాత్రం వసారాలో దర్జాగా పేపరు చదువుకుంటున్నాడట.

"మరి అప్పుడు ఈయన భార్య ఎక్కడుంది?" అంది యజమానురాలు.

బాబాయి భార్య అక్కడే బల్ల దగ్గర గ్లాసులు తుడుస్తోంది. అందరికీ ఆయన బాబాయి అయితే ఆవిడ పిన్ని. తల ఎత్తకుండానే జవాబు చెప్పింది.

"పెరట్లో బట్టలు ఆరేస్తున్నానమ్మగారూ. పేపరు చేతిలో ఉంటే ఈయనకి ఇల్లు కూలినా తెలీదు. దానికి పాపం ముక్కేం చేస్తుంది?"

పనివాళ్ళు నవ్వారు. అల్లుడు నవ్వలేదు. ఇప్పుడే తేల్చేద్దామన్నాడు.

తేల్చడానికి పని సిద్ధంగానే ఉంది. ఆ ఏటి పంటను రెండు రకాలుగా చేసి ఉంచారు. ఒకటి తేలిక రకం. పీపా మొహం చూడనిది, గ్లాసు వెనక వేలు పెడితే వేలు కనబడుతుంది, గుటక వేస్తే పళ్ళరసంలా జారిపోతుంది. ఇంకోటి బరువు రకం. చెక్కపీపాలో మగ్గి మగ్గి సిరాలా నల్లబడింది, నాలుకను పట్టుకుంటే ఓ పట్టాన వదలదు. రెంటిలో ఒకదానికే ఆ ఇంటి పేరు అతికించి అమ్మకానికి పంపాలి. ఏదో బాబాయి చెప్పాలి. సరిగ్గా చెబితే కుర్చీ ఆయనది, తప్పితే అల్లుడిది.

చెప్పొద్దూ, అల్లుడన్నది నిజమే. మొన్నటి వానాకాలం జ్వరం ఒకటి ఇంట్లో అందరినీ మంచమెక్కించి, పోతూ పోతూ బాబాయి ముక్కును పట్టుకుపోయింది. ఆ సంగతి ఒక్క పిన్నికే చెప్పుకుని, ఇకనుంచి నా ముక్కు నువ్వేనే అన్నాడు. ఇద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. వైన్ గ్లాసుల్లో పోసేది పిన్నే. పోయగా అడుగున మిగిలింది ఆవిడా నోట్లో వేసుకుంటుంది. ఎడమ గ్లాసుది మంచిదైతే తుడిచే గుడ్డ ఎడమ భుజం మీద వేసుకోవాలి, కుడిదైతే కుడి భుజం మీద. నిలబడేది యజమానురాలి కుర్చీ వెనక కాబట్టి బాబాయికి తప్ప ఇంకెవరి కంటా పడదు. ఇంతవరకూ బండి అలాగే సాఫీగా నడిచిపోయింది.

అల్లుడు కిందికి వెళ్ళి రెండు కూజాలు తెచ్చాడు. పిన్ని రెండు గ్లాసుల్లో పోసి, మిగిలిన చుక్క చప్పరించి, వెళ్ళి తన చోట నిలబడింది. బాబాయికి ప్రాణం కుదుటపడింది.

ఎడమ గ్లాసు ఎత్తి కళ్ళు మూసుకుని పొడుగ్గా వాసన పీల్చాడు. గాలి తప్ప ఏమీ లేదు. నోట్లో పోసుకున్నాడు. తేలిక రకం, చల్లగా జారింది. బక్కెట్లో ఉమ్మేసి కుడి గ్లాసు అందుకున్నాడు. ఇది నాలుకను గట్టిగా పట్టుకుంది. ఆ వగరు పుచ్చుపన్నుకు తగిలి జివ్వుమనేసరికి కనుబొమ్మ ఒకటి దానంతటదే పైకి లేచింది. ఉమ్మేసి తల ఎత్తి చూశాడు.

గుడ్డ కుడి భుజం మీదికి వచ్చింది.

ఇంకేం, బాబాయి అందుకున్నాడు. ఎడమది ముద్దొచ్చే పిల్లే, కానీ పలకరించి వెళ్ళిపోతుందన్నాడు. కుడిది వచ్చి కూర్చుని కష్టసుఖాలు మాట్లాడుతుందన్నాడు. అందులో పొగ ఉందన్నాడు, కొత్త చెక్క ఉందన్నాడు, వాన వెలిసిన అడవి ఉందన్నాడు.

"ఈ ఇంటి పేరు దీనికే పెట్టండమ్మా," అని ముగించాడు.

అల్లుడు ముందుకొచ్చాడు. ఆ కుడి గ్లాసే తీసి అత్తగారి చేతికిచ్చాడు. ఆవిడ ముక్కు దగ్గరికి తెచ్చుకుని, పెదవికైనా తగలనివ్వకుండా బల్ల మీద పెట్టేసింది. మొహంలో రంగు లేదు.

"ఇది బూజు పట్టిన పీపాలోది," అంది. "తడిసిన గోనెసంచి కంపు కొడుతోంది."

పారబొయ్యడానికి పక్కన పెట్టిన పీపాలోంచి కావాలనే తెచ్చానన్నాడు అల్లుడు. ఆ బూజు నాలుకకు దొరకదట, ముక్కున్న వాడు మాత్రం గ్లాసు ఎత్తగానే దించేస్తాడట.

బాబాయి ఆ గ్లాసు వంకే చూస్తూ ఉండిపోయాడు. ఎదురుగా ఎవరున్నారో, తను ఏం బయట పెట్టుకుంటున్నాడో కూడా ఆయనకు తోచలేదు.

"కుడి భుజం మీద ఎందుకు వేశావే?"

యజమానురాలు కుర్చీలోనే వెనక్కి తిరిగింది. అల్లుడి నోరు తెరుచుకుంది. గుడ్డ ఇంకా అక్కడే ఉంది.

"మీ కనుబొమ్మ లేచింది కదండీ," అంది పిన్ని, నెమ్మదిగా. "అది ఏ గ్లాసుకి లేస్తే ఆ పక్కకే వేస్తున్నాను. మొదట్నుంచీ అంతే."

"మరి నువ్వు వాసన చూడలేదా?"

పిన్ని భుజం మీది గుడ్డ తీసి చేతికి చుట్టుకుంది.

"పొద్దున పాలు మాడినప్పుడు నేను పెరట్లో లేనండీ. స్టవ్వుకి వీపు పెట్టుకుని, అక్కడే కూరలు తరుగుతున్నాను."