పద్నాలుగో సీటు

మొలల వైద్యమంతా ఇప్పుడు వినుకొండ బస్సులోనే. కోతా కుట్టూ లేకుండా సీటే రబ్బరు బ్యాండు వేసి, దిగేలోపు నయం చేసేస్తుంది. బస్సు కదులుతుంటేనే పనిచేస్తుంది. డ్రైవరు సీటుకు మాత్రం ఆ ఏర్పాటు లేదు. అందుకే ఏడుకొండలు మూడేళ్లుగా సగం లేచి నిలబడే బస్సు నడుపుతున్నాడు.

ఇవాళ నడిదారిలో ఆపేశాడు. "ఇక నావల్ల కాదు."

"నాకు నడపడం రాదు గానీ స్టీరింగు తిప్పగలను," అంది కండక్టరు హుసేన్‌బీ. అతన్ని పద్నాలుగో సీట్లో కూర్చోబెట్టింది. నయమైన ప్రయాణికులంతా దిగి బస్సు తోయడం మొదలుపెట్టారు.

"ఇంకెంత దూరమమ్మా?" రొప్పుతూ అడిగాడో పెద్దాయన.

హుసేన్‌బీ తలతిప్పి, పద్నాలుగో సీటు మీద మొలల లెక్క చూపించే చిన్న స్క్రీను చూసింది. "ఒకటైపోయింది బాబాయ్. ఇంకో రెండున్నాయంట. ఈపూరు దాకా తోయండి."