మూడు తప్పు జవాబులు

“మీ పేరేటి ఆంటీ? చెప్పండి.”

నర్సు తనూజ స్టూలు మంచానికి దగ్గరగా లాక్కుంది. పాత నర్సు సెలవు పెట్టాక తార్‌బహార్ రైల్వే కాలనీ ఇళ్ళకు కొత్తగా వస్తున్న అమ్మాయి. పాతావిడైతే నొప్పి పదికి ఎంత అని అడిగి, మార్ఫిన్ బిళ్ళలు లెక్క చూసి, రాసుకుని వెళ్ళిపోయేది. ఈ అమ్మాయి అన్నీ అడుగుతోంది.

మంచం మీద మనిషి కళ్ళు తెరిచింది. తల మీద వెంట్రుక ఇంకా మొలవలేదు. ఉద్యోగి భార్యకు ఉచిత వైద్యం కోసం ఇచ్చే రైల్వే కార్డు మీది ఫొటోకీ ఈ మొహానికీ పోలికే లేదు. అన్ని కీమోల తర్వాత ఎవరికి మాత్రం ఉంటుంది?

“అచ్చియమ్మ,” అంది.

తనూజ ఫైలు తిరగేసింది. “ఇందులో శారద అని ఉంది. అచ్చియమ్మ ఎవరంకుల్?”

“ఆళ్ళ అప్ప,” అన్నాడు చంద్రమౌళి గబుక్కున. వంటింటి గుమ్మంలో జావ గ్లాసుతో నిలబడ్డ ఆవిడ కేసి చెయ్యి చూపించాడు. “నాలుగు నెల్లనుంచీ అన్నీ తనే చూస్తంది.”

“అచ్ఛా! సొంత అక్కని కలవరిస్తోందన్నమాట.”

చంద్రమౌళి లోకో షెడ్డులో ఫిట్టరు. ఎంత మొండి ఇంజనుకైనా జంకని మనిషి, ఇప్పుడు పరీక్ష హాలు కిటికీ దగ్గర నిలబడ్డ తండ్రిలా ఊరికే పెదాలు కదుపుతున్నాడు.

“మీ ఇల్లెక్కడ ఆంటీ?”

“గతౌరా.”

“గతౌరానా? అది పక్క ఊరు కదా! అంకుల్, ఈ క్వార్టర్లో ఎన్నాళ్ళ నుంచీ ఉంటున్నారు?”

“పంతొమ్మిదేళ్ళు,” అన్నాడు నేల చూస్తూ.

తనూజ ఏదో రాసుకుంది. “పోనీ ఇది చెప్పండి. మీ ఆయనెక్కడ?”

“పోయాడు.”

అంటూనే చెయ్యి నుదుటి మీదికి పాకింది. పొద్దున్న పెట్టిన బొట్టు వేళ్ళతో చెరిపేసుకుంది.

తనూజకు నవ్వు ఆగలేదు. “క్యా అంకుల్! నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే చంపేసింది మిమ్మల్ని!”

చంద్రమౌళి తనూ నవ్వబోయాడు. రాలేదు.

ఆ అమ్మాయి వరండాలోకి వెళ్ళి డాక్టరుతో ఫోన్లో హిందీలో చాలాసేపు మాట్లాడింది. తిరిగి వచ్చేసరికి మొహంలో నవ్వు లేదు.

“సాయంత్రం నుంచి బిళ్ళ ఆపమన్నారు అంకుల్. మందు తలకెక్కింది. పేరు తెలీదు, ఇల్లు తెలీదు, మొగుడు తెలీదు. ఇంకా ఇస్తే నిద్రలోనే ఊపిరి ఆగిపోవచ్చు. రెండ్రోజులు చూసి చెప్తామన్నారు.”

“రెండ్రోజులే? మొన్న బిళ్ళ ఒక్క గంట లేటయితే మంచం పట్టీ కొరికేసిందమ్మా. పళ్ళ గాట్లు ఉన్నాయి, చూడు కావాలంటే.”

“నాకు తెలీదా అంకుల్? నా చేతిలో ఏం లేదు.”

“తెలివుందమ్మా ఆవిడకి. అన్నీ సరిగ్గానే...” మిగతా మాట మింగేశాడు.

“ఏటి సరిగ్గా? మూడూ తప్పే కదా?”

చంద్రమౌళి గుమ్మం కేసి చూశాడు. అక్కడి ఆవిడ తల అడ్డంగా ఊపింది.

మంచం మీద నుంచి సన్నగా మూలుగు మొదలైంది. ఇంకో గంటలో అది ఏమవుతుందో ఇంట్లో ఇద్దరికీ తెలుసు. తనూజ సంచి సర్దుకోబోతూ ఆగింది. మెత్తబడింది.

“సరే. ఒక్క ఛాన్సు. మీరు పేరు పెట్టి పిలవండి. మీ గొంతుకి ఊఁ అందంటే డాక్టర్ సాబ్‌కి మళ్ళీ ఫోన్ చేస్తాను. సాయంత్రం బిళ్ళ వేయించే పూచీ నాది.”

“నేనా?”

“సిగ్గేటి అంకుల్? మా తాతా అంతే. మా నానమ్మని చచ్చేదాకా ‘ఇదిగో’ అనే పిలిచీవోడు. పిలవండి!”

పెళ్ళయిన ఇరవై ఎనిమిదేళ్ళలో చంద్రమౌళి భార్యను పేరు పెట్టి పిలిచింది లేదు. మోకాళ్ళ మీద కూర్చుని, ఎండిపోయిన ఆ చెవి దగ్గరికి వంగాడు.

“శారదా!”

మంచం మీద మనిషి అతన్నే చూసింది. పలకలేదు.

గుమ్మంలో శారద కొంగు నోట్లో కుక్కుకుంది.