చెప్పినంతే

"నా తప్పేముందో మీరే సూడండి" అంటూ మారెప్ప జేబులోంచి టేపు బయటికి లాగాడు.

ఎమ్మిగనూరులో ఉచ్చీరప్ప ఇంటి వరండా అది. మూలన చిన్న రంపం మిషను ఉంది. బల్ల మధ్యలోంచి గుండ్రటి బ్లేడు పైకి లేచి ఉంది. దాని పక్కనే చెక్కను తిన్నగా నడిపించే ఇనుప పట్టీ. వడ్రంగులు దాన్ని గైడు అంటారు. నిన్న ఆ మిషను వెనక్కి విసిరికొట్టిన చెక్క రొమ్ముకు తగిలి ఉచ్చీరప్ప చనిపోయాడు. ఇప్పుడే మట్టి చేసి, స్నానాలు చేసి వచ్చారు. చుట్టాల తలలు ఇంకా ఆరలేదు.

మారెప్ప ఆదోనిలో వడ్రంగి. ఉచ్చీరప్పది మగ్గం పని. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని అయ్యవారి దెబ్బలు పంచుకున్నవాళ్లు. నేత లేనప్పుడు సరదాగా పీటలు, బొమ్మ బండ్లు చేసుకుంటానంటే దగ్గరుండి ఈ మిషను కొనిపించింది మారెప్పే. అందుకే పొద్దుటి నుంచి అందరి చూపులూ అతన్నే పొడుస్తున్నాయి.

"బంగారట్ల మగ్గం నేసుకునేటోనికి రంపం అంటగట్టినాడు" అని ఒక ముసలామె వినబడేట్టే అంది.

స్నేహితుణ్ని చంపినవాడన్న పేరు మోసుకుంటూ ఆదోని బస్సు ఎక్కడం మారెప్ప వల్ల కాలేదు. అందుకే టేపు తీశాడు.

"మిషను మంచిదే. గైడు వంకర. ఆ సంగతి వాడే ఫోన్ చేసి సెప్పినాడు. ఫోటో గూడా పంపినాడు. బ్లేడు నుంచి గైడుకు ముందర మూడంగుళాలుంటే, వెనక నూలు తక్కువుండాది. వెనక ఇరుకైతే చెక్క బిగుసుకుంటాది. బిగుసుకున్న చెక్కను బ్లేడు మన మీదికే ఇసిరికొడతాది. వెనక బోల్టు వదులు చేసి ఒక నూలు బయటికి జరుపు, జరిపేదాంకా మిషను ముట్టొద్దు అని సెప్పినా."

"మా బావ ఏమన్నాడు?" అని అడిగాడు ధనుంజయ. ఉచ్చీరప్ప భార్య లక్ష్మికి తమ్ముడతను.

"'ఒకటే నూలా?' అన్నాడు. 'ఒకటే, ఎక్కువ గుంజితే మళ్లా వంకరే' అన్నా. 'సన్న పని మాకు కొత్తనా, ఫోన్ పెట్టేయ్' అని నవ్వినాడు. కొంచేపటికి మళ్లా ఫోన్ చేసి, 'నువ్వు సెప్పినంతే జరిపినా' అన్నాడు. నేను నమ్మినా."

మారెప్ప ముందువైపు టేపు పెట్టాడు. సరిగ్గా మూడు అంగుళాలు. ధనుంజయ వంగి చూసి తలాడించాడు. వెనకవైపు పెట్టాడు. మూడుకు నూలు ఇవతలే ఆగింది.

"సూసినావా? ఫోటోలో ఎట్లుందో అట్లే ఉండాది. బోల్టు మీద చెయ్యే ఏసినట్టు లేదు. జరిపినానని నాతో అబద్ధమాడినాడు."

చచ్చినవాడి మీద నింద వేస్తున్నానని మారెప్పకు తెలుసు. ఆ మాట అనేసరికి నోరు చేదైపోయింది. కానీ చుట్టాల ముఖాలు మెత్తబడుతుంటే గుండె మీది బండ దిగుతున్నట్టూ ఉంది. రెండూ నిజమే.

"పోయే కాలమొస్తే సెప్పిన మాట సెవికెక్కుతాదా" అంది ఇందాకటి ముసలామే. నరం లేని నాలుక కదా, ఎటైనా తిరుగుతుంది.

గడప దగ్గర కూర్చున్న లక్ష్మి ఇటు తిరిగింది. "ఆయన అబద్ధమాడే మనిషి కాదన్నా" అంది.

"నాకు తెలీదా తల్లీ? అయినా టేపు గూడా అబద్ధమాడదు గదా."



ఆ మిషన్ను అలాగే వదిలి వెళ్లడానికి మారెప్పకు మనసొప్పలేదు. రేపు ధనుంజయ ముట్టుకుంటాడు, ఎల్లుండి ఇంకెవరో ముట్టుకుంటారు. సంచిలోంచి పానా తీసి వెనక బోల్టుకు తగిలించాడు. మొండికేస్తుందనుకున్న బోల్టు తేలిగ్గానే కదిలింది. గైడు ఇప్పుడున్న చోట బల్ల మీద పెన్సిలుతో ఒక గీత గీశాడు. జరగాల్సిన చోట ఇంకొకటి గీశాడు. రెండింటి మధ్య పెసరగింజ పట్టేంత సందు. అరచేత్తో చిన్నగా తట్టి, గైడును రెండో గీతకు ఆనించి బోల్టు బిగించాడు. మళ్లీ టేపు పెట్టాడు. ముందూ మూడే, వెనకా మూడే.

"ఇంతే పని" అన్నాడు. "ఇంత మాత్రం జరిపేదానికి బద్ధకించి పాయెనే నా కొడుకు!"

ఏడుపు వచ్చేసింది. అందరి ముందూ బల్ల పట్టుకుని ఏడ్చాడు. అంతసేపూ వాదించిన మనిషి అలా ఏడుస్తుంటే ధనుంజయ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "నీ తప్పేం లేదులే మారెప్పన్నా" అన్నాడు.

లక్ష్మి లేచి వచ్చింది. బల్ల మీద వంగి, రెండు గీతల మధ్య వేలు ఆనించింది.

"ఇదేందన్నా?"

"వాన్ని జరపమన్నది అంతేమ్మా. ఒక నూలు."

"ఇంతా?"

"ఊ. అంగుళంలో ఎనిమిదో వంతు. మా వడ్రంగోళ్ల లెక్కలో నూలంటే అదే."

లక్ష్మి కాసేపు ఆ గీతల వంకే చూసింది. ఆమె తల ఎత్తింది.

"మాకు అది తెలీదన్నా, మగ్గం మీద నుంచి నూలుపోగు ఒకటి తెంపి ఈడ పరిచి, సరిగ్గా దాని మందమే జరిపినాడు."