పూలు పెట్టిన అట్ట

రంగు చూసి దొంగనుకుని మా అబ్బాయి దీక్షిత్‌ని కొట్టి చంపారు ముగ్గురు. ఇద్దరిది హత్యేననీ, మూడోవాడిది కాదనీ డబ్లిన్‌లో తీర్పు చెప్పారు. కోర్టు బయటికొస్తే రెండు గుంపులు అరుచుకుంటున్నాయి.

ముగ్గురికీ యావజ్జీవం పడాలని ఒక గుంపు. వీధికి కాపలా కాసినవాళ్ళకి శిక్షేమిటని ఇంకో గుంపు. రెండు గుంపులూ పట్టుకున్న అట్టల మీదా ఒకటే ఫోటో. వీళ్ళు దానికి పూలు పెట్టారు, వాళ్ళు ఎర్రగా ఇంటూ కొట్టారు.

ఆ ఫోటో మావాడిది కాదు. డబ్లిన్‌కి దగ్గర్లోని నేవన్ ఊళ్ళో మావాడితో ఒకే ఇంట్లో ఉన్న మహీధర్‌ది. వినాయక చవితికి ఇద్దరూ కలిసి దిగిన ఫోటో ఇస్తే, పేపరువాళ్ళు మావాడున్న సగం కత్తిరించేసి మిగతాది వేసుకున్నారు.

మహీధర్ నా పక్కనే గొడుగు పట్టుకుని ఉన్నాడు. ఒక ఐరిష్ పెద్దావిడ అతని ఫోటో ఎత్తిపట్టుకుని ఏడుస్తూ వచ్చి, అడ్డమున్నాడని అతన్నే పక్కకి తోసి నన్ను వాటేసుకుంది.

మహీధర్ చెయ్యి పట్టుకుని గుంజాను. "నా కొడుకు మొహం ఒక్కరన్నా చూడొద్దా? వీడు వాడు కాదని ఇంగ్లీషులో చెప్పు నాయనా!"

"వద్దాంటీ, ప్లీజ్. ఈ మొహం బతికే ఉందని తెలిస్తే ఆ ఇంటూ కొట్టినోళ్ళు నా ఇంటికొస్తారు. చచ్చినోడి జోలికెవరూ రారు."

పెద్దావిడని అడిగి పూలున్న అట్ట తెచ్చుకున్నాను. దిష్టి గుమ్మడికాయ కట్టినట్టు, నేవన్‌లో మహీధర్ ఉంటున్న ఇంటి గుమ్మానికి నా చేత్తోనే కట్టాను.

ఆ ఇంట్లో అబ్బాయి ఇదివరకే పోయాడని, వచ్చేవాళ్ళకి తెలియాలిగా.